కాలువ గట్టు వెంట ఒక అపరాహ్ణము

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



గ్రంథాలయోత్సవములలో గ్రంథములను గూర్చి మాట్లాడుట పరిపాటి. ఈనాటి ప్రసంగమునకు విషయము నడక. భోజనానంతరము పట్టణమును విడిచి, ఒక పూట తీరికగా పల్లెల వెంట తిరిగి వచ్చుట ఎట్లు, అందు చూడదగిన దేమి, అట్లు తిరుగుటవలన ఊరికి కలుగు మేలేమి అనునవి ఇందలి మూడంశములు. పుస్తకముల సభలో చెప్పదగిన మాటయేనా ఇది యని కొందరికి శంక కలుగవచ్చును. పల్లెయును చదువదగిన పుటయే. అయితే దానిని కూర్చుండి చదువుట పొసగదు.

పూర్వకవులు ఈ చదువును ఎరుగనివారు కారు. శ్రీనాథుని భీమేశ్వర పురాణమున, కాశిలో భిక్ష దొరకక కోపించిన వ్యాసుడు విశ్వేశ్వరుని ఆజ్ఞచే ఆ క్షేత్రమును వీడవలసివచ్చి, గోదావరీ మండలమునందలి దాక్షారామమునకు చేరెను. ఆకలిని, అవమానమును అనుభవించిన మనస్సునకు ఈ నేల సేదదీర్చునని కవి తలచినట్లున్నది. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో మరియొక చిత్రము కలదు. వేకువజామున కాలువలో ముక్కులు రెక్కలలో దూర్చుకొని నిద్రించు బాతులను చూచి, స్నానమునకు వచ్చిన బ్రాహ్మణులు మరచిపోయిన తడిబట్టల ముద్దలని తలచి, తలారులు వానిని తీసి యిత్తమని నీట దిగుదురు. బాతులు బెదరి పారిపోవును. వరిచేను కాచు పడుచులు చూచి నవ్వుదురు. సామ్రాజ్యము నేలిన ప్రభువు ఒక కాలువ గట్టును అంత దగ్గరగా చూచెను. పరుగెత్తు బండిలోనుండి చూచువారికి ఆ బాతులు బట్టలుగానే కనబడును.

ఇక త్రోవ. రాజమహేంద్రవరమునుండి బయలుదేరువారికి అనువైనది ధవళేశ్వరము మీదుగా కోనసీమ మొగమునకు పోవు దారి. పట్టణమునకు దక్షిణముగా సుమారు ఎనిమిది కిలోమీటర్ల దూరమున ధవళేశ్వరము. అచ్చట గోదావరి మిక్కిలి వెడల్పై, లంకల నడుమ పాయలై, దిగువన గౌతమి, వసిష్ఠ యను రెండు పెద్ద శాఖలుగా సాగును. ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. దానిని తలపెట్టి నడిపించినవాడు సర్ ఆర్థరు కాటన్ (1803–1899). ఆయనకు తోడుగా నిలిచి పనివారిని సమకూర్చినవాడు వీణం వీరన్న. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా నున్న ఆ పాత ఆనకట్టకు మారుగా కట్టిన బ్యారేజి 1982 నాటికి పూర్తియైనది. దానికి 175 తలుపులు. దాని మీది రోడ్డు లంకనుండి లంకకు దాటుచు పడమటి తీరము చేరును. మొదటి భాగము దాటగానే పిచ్చుకలంక, రెండవ భాగము దాటగానే బొబ్బర్లంక. 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లాయైన కోనసీమ సీమకు ఈ బొబ్బర్లంకయే తలవాకిలి.

ఇచ్చటి పచ్చదనమును చూచి, ఇది సృష్టి మొదలు ఇట్లే యున్నదని భ్రమపడుట సులభము. 1830ల నాటి కరవులును, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెనయు ఈ జిల్లాను ఎంత కుంగదీసినవో చరిత్ర తెలిసినవారెరుగుదురు. ప్రక్కన గోదావరి ప్రవహించుచుండగా నీరు లేక జనము వలసపోయిన నేల యిది. ఇప్పుడు ఆ బ్యారేజి క్రింద మూడు డెల్టాలలోను కలిపి సుమారు 10 లక్షల ఎకరములు సాగగుచున్నది. మనుష్యుల చేతిపని వలన వచ్చిన పచ్చదనము మనుష్యుల అశ్రద్ధ వలన పోగలదు. నడకకు బయలుదేరువారు ఈ మాటను మనస్సున నుంచుకొనవలెను.

బొబ్బర్లంకనుండి మధ్య డెల్టా ప్రధాన కాలువ బయలుదేరును. దాని గట్టే నడకకు దారి. కార్తికము గడచిన పిమ్మటి నుండి మాఘము వరకు అనువైన కాలము. ఆషాఢ శ్రావణములలో నది పొంగును. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. 2022 జూలైలోను లంకలు మునిగినవి. ఆ దినములలో లంక గ్రామములకు పోదగినవాడు పడవతో సాయము చేయువాడు మాత్రమే. వాడపల్లి వేంకటేశ్వరుని దర్శనమునకు శనివారము జనము విశేషముగా వత్తురు గనుక, నిశ్శబ్దము కోరువారు ఆ దినము విడిచి మరియొక దినము ఎంచుకొనుట మేలు. బండిని ఊరి మొగదల నిలిపి కాలినడకనో, సైకిలు మీదనో సాగినచో చూపు నిలుచును.

రెండు గంటల వేళ గట్టు మీద నడచువానికి మొదట తోచునది నిశ్శబ్దము. పల్లె నిద్రించుచున్నదని పట్టణవాసి యనుకొనును. చెవి యొగ్గినచో ఆ నిశ్శబ్దమున పది పనులు వినబడును. తోటలో దింపువాడు చెట్టెక్కి గెల నరికినప్పుడు కాయలు నేల రాలు చప్పుడు. రాశియొద్ద ఒలుపువాడు గునపమున కాయను గ్రుచ్చి డొక్క విడదీయు చప్పుడు. పెరటిలో ముసలమ్మ కొబ్బరి యాకునుండి ఈనెలు చీరు కత్తి చప్పుడు. గట్టు క్రింద బోదెలోనుండి మడికి నీరు దిగు చప్పుడు. దింపువాని పని చూచుటకు సొగసుగా నుండును. వానదినములలో పాచిపట్టిన మ్రాను నుండి కాలు జారినచో ఆ యింటి బ్రతుకంతయు జారిపోవును. చెట్టునీడను కూర్చుండి కొబ్బరినీళ్లు త్రాగువారు పైనున్న మనుష్యుని ఒక్కసారి తలయెత్తి చూచుట మర్యాద.

ఆత్రేయపురమునకు సమీపమున లొల్ల లాకులు చూడదగినవి. ప్రధాన కాలువ ఇచ్చట శాఖలై కోనసీమ లోనికి సాగును. లాకు అను మాట ఇంగ్లీషునుండి వచ్చి తెలుగైనది. దాని పని పిల్లలకు చూపి చెప్పదగినది. ఎగువ నీటి మట్టమునకును దిగువ నీటి మట్టమునకును నడుమ ఒక గది. దానికి ఇరువైపుల తలుపులు. ఎగువనుండి వచ్చిన పడవ గదిలోనికి ప్రవేశించిన పిమ్మట వెనుకతలుపులు మూయుదురు. గదిలోని నీటిని మెల్లగా దిగువకు వదలగా, నీటితోబాటు పడవయు దిగును. మట్టములు సమమైనప్పుడు ముందుతలుపులు తెరతురు. ఎక్కవలసిన పడవకు ఇదే క్రమము తలక్రిందులుగా జరుగును. ఈ యుపాయముచే ధాన్యము, కొబ్బరి, కలప, మనుష్యులు, పెండ్లి బృందములు అన్నియు కాలువలమీదనే నడచిన కాలమొకటి యుండెను. గాలి లేనప్పుడు కళాసులు గట్టుమీద నడచుచు తాడుతో పడవను లాగెడివారు. రోడ్లును, లారీలును వచ్చిన పిమ్మట ఆ రాకపోకలు అడుగంటినవి. 2008లో కాకినాడ–పుదుచ్చేరి జలమార్గమును నాలుగవ జాతీయ జలమార్గములో చేర్చి ప్రకటించిరి గాని, పాతకాలపు పడవల బారులు ఈ కాలువలకు తిరిగి రాలేదు. నేడు లాకులయొద్ద మిగిలినవి నీరు దూకు హోరు, చెట్లనీడ, తలుపులు చూచుకొను లస్కరు. రబీలో నీరు తక్కువైనప్పుడు వంతుల ప్రకారము ఏ కాలువకు ఎన్నినాళ్లు నీరు పోవలెనో ఆ తలుపులే నిర్ణయించును. చివరి భూముల రైతు రాత్రి నిద్రపోవుటయు, పోకుండుటయు వానిని బట్టియే యుండును.

ఆత్రేయపురమున పూతరేకులు ప్రసిద్ధము. 2023లో వీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. పెట్టెలో కొనుక్కొని పోవువారు పలువురు. చేయుట చూచువారు కొందరే. పొయ్యిమీద కుండను బోర్లించి, లోన కొబ్బరిమట్టల మంట పెట్టి, పలుచని బియ్యపుపిండి నీటిలో ముంచిన గుడ్డను ఆ వేడికుండపై ఒక్క లాగు లాగుదురు. రెప్పపాటున పొర యారి విడివడును. గుడ్డ పట్టిన చేయి నిదానించినచో రేకు మందమగును, తొందరించినచో చిరుగును. మంటయెదుట గంటలకొలది కూర్చుండి ఈ పని చేయువారు ప్రాయికముగా స్త్రీలు. అనుమతి యడిగి, గుమ్మమువద్ద నిలిచి చూచి, కొని, ధర తగ్గింపుమని పీడింపక వచ్చుట పెద్దరికము.

సాయంసమయమునకు ర్యాలి చేరవచ్చును. అచ్చటి జగన్మోహినీ కేశవస్వామి విగ్రహము ఏకశిల. ముందువైపు కేశవుడు, వెనుకవైపు మోహిని. మోహిని కొప్పునుండి పువ్వు రాలిన తావు గనుక ర్యాలి యైనదని స్థలపురాణము. ఎదుట ఉమాకమండలేశ్వరాలయము. ముందునుండి చూచి వెళ్లిపోయినవాడు ఆ శిల్పములో సగమే చూచినట్లు. అర్చకుడు వెనుకకు రండని పిలిచి దీపము పట్టి చూపును. పల్లెలకును ఇట్టి వెనుకవైపు ఒకటి కలదు. ఇక చెప్పవలసినది దానిని గూర్చియే.

నిశ్శబ్దము రెండు విధములు. పనిలో నిమగ్నమైన ఊరి నిశ్శబ్దము మొదటిది. ఇదివరకు చెప్పబడినది అదే. పనిచేయువారు లేని ఊరి నిశ్శబ్దము రెండవది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించి వేలాది ఎకరములు ఊడ్వక విడిచిరి. పెట్టుబడి పెరిగి ధర రాకపోవుట, మురుగుకాలువలు పూడి చేలు మునుగుట మొదలగునవి వారు చెప్పిన కారణములు. ఆ సంవత్సరము గట్టుమీద నడచినవానికి కూడ పల్లె ప్రశాంతముగనే కనబడియుండును. తాళము పడిన మండువా లోగిళ్లు నేడు అనేక గ్రామములలో కలవు. పిల్లలు హైదరాబాదులోనో, విదేశములలోనో, గల్ఫు దేశములలోనో ఉన్నారు. భూమి కౌలురైతు చేతిలో నున్నది. అరుగుమీద ఒంటరిగా కూర్చున్న వృద్ధుని నిశ్శబ్దమును చూచి ఎంత హాయిగా నున్నదని ముచ్చటపడుట తగదు. ఒక నిముషము నిలిచి క్షేమమడిగినచో ఆ హాయి ఎట్టిదో తెలియును.

ఇంతకంటె మెల్లగా, చప్పుడు లేకుండ పోవుచున్నది మరియొకటి కలదు. అది పుంత. కృష్ణా, గుంటూరు సీమలవారు డొంక యను పొలముదారిని గోదావరి జిల్లాలవారు పుంత యందురు. గ్రామపటమున దానికి వేరుగా నెంబరు ఉండును. లెక్కలలో పోరంబోకు అని వ్రాయబడియుండును. పోరంబోకు అను మాట నేడు తిట్టైనది. లెక్కలలో దాని భావము, పన్ను లేనిది, ఏ యొకరి సొత్తును కానిది, అందరి యవసరమునకై విడిచిన నేల యని. ఊరిలో ఏ ఆస్తియు లేనివానికి కూడ ఈ నేలలో సమభాగము కలదు.

పుంత ఒక్కనాట పోదు. ఈ యేడు గట్టు చెక్కునప్పుడు పారవెడల్పు నేల చేనిలో కలియును. వచ్చేయేడు ఆ అంచున నాలుగు అరటిపిలకలు. ఆపైన రెండు కొబ్బరిమొక్కలు, వానికి కంచె. పదేండ్లకు రెండు బండ్లు ఒరసికొనక పోవు పుంత ఒక మనిషి అడ్డముగా నడువవలసిన గట్టగును. ఆ చెట్లు కాపునకు వచ్చిన పిమ్మట వానిని కొట్టుమని చెప్పుటకు ఎవరికిని నోరు రాదు. నష్టము ఎవరిది? లోపలి చేను గల చిన్న రైతుది. కోతయంత్రము పోవుటకును, ధాన్యము బయటపడుటకును అతడు ఇరుగుపొరుగుల చేతిలోనివాడగును. వారి పంట ముందు కోయువరకు తన పంట వానపాలగుచున్నను చూచుచుండవలెను. ఇంకొక నష్టము చెప్పుటకు బాధాకరము. ఊరి చివరి పేటలవారికి శ్మశానమునకు పోవుదారి అనేక చోట్ల ఈ పుంతయే. అది మూసికొనినచో శవమును మోయువారు ఊడ్చిన చేలలో మోకాలిలోతు బురదను దిగి నడువవలసివచ్చును. ఎవని యింటనైనను చావు వచ్చిన దినమున అడుగవలసిన మాట కాదిది. ముందే చూచుకొనవలసిన మాట.

పూర్వము అజమాయిషీకని కరణము ఏటేట పొలమంతయు కాలినడకన తిరుగవలసి యుండెను. ఏ హద్దురాయి కదలినదో, ఏ పుంత సన్నబడినదో కంటబడక తప్పెడిది కాదు. ఆ తిరుగుటలో పక్షపాతములు లేకపోలేదు. ఆ పద్ధతి 1984లో రద్దయినది. 2020 డిసెంబరులో రాష్ట్రమున ఆరంభమైన రీసర్వేలో డ్రోనులతో నేలను కొలిచిరి. యంత్రము పుంతను పటమున చూపగలదు. పుంతలో మొలచిన ముళ్లకంపను అది తొలగింపలేదు. దానికి మనుష్యుల పాదములు కావలెను. పదిమంది నడచుచున్న త్రోవలో పిలక నాటుటకు చేయి వెనుదీయును. ఎవరును నడువని త్రోవ, కాగితముమీద ఎంత వెడల్పున్నను, అప్పటికే పోయినట్లు. కనుక ఈ అపరాహ్ణపు నడక సోమరుల వినోదము కాదు, ఖర్చులేని కాపలా.

గ్రంథాలయమునకు ఇందు ప్రమేయమేమని అడుగవచ్చును. ఆంధ్రదేశమున గ్రంథాలయములు కాలినడకనే పల్లెలకు వచ్చినవి. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో జరిగిన తొలి గ్రంథాలయ మహాసభకు అధ్యక్షత వహించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం ఖండవల్లిలో పుట్టిన గోదావరి మండలమువాడు. ఆ యుద్యమమునకు జీవితమంకితము చేసిన అయ్యంకి వెంకటరమణయ్య తూర్పుగోదావరి కొంకుదురువాడు. గ్రంథాలయ యాత్రలని ఊరూర తిరుగుటను ఉద్యమముగా నడపినవాడు. పాతూరి నాగభూషణం యత్నమున 1935లో కృష్ణా డెల్టా కాలువపై పడవలో గ్రంథాలయము నడచినది. గట్టువెంట పల్లెలవారు పుస్తకములకై పడవకొరకు వేచియుండిరి. దారి తెరచియున్నంతకాలము పుస్తకము ఊరికి చేరును. గట్టును, పుంతను, గ్రంథాలయమును ఒక్క కోవలోనివే. మూడును ఒకరివి కావు, అందరివి. మూడును వాడుకొనినకొలది నిలుచును.

కావున ఈ రజతోత్సవ సందర్భమున కొన్ని పనులు సభ్యుల యాలోచనకు సమర్పింపబడుచున్నవి.

నెలకొక అపరాహ్ణము గ్రంథాలయము తరఫున నడక యేర్పాటు కావలెను. ఒక నెల స్వగ్రామపు పొలిమేర చుట్టును, మరుసటి నెల పొరుగూరి గట్టువెంట. బడిపిల్లలు ముందు నడువవలెను, వృద్ధులు కథ చెప్పుచు వెనుక రావలెను. దూరము నాలుగు కిలోమీటర్లకు మించనక్కరలేదు.

గ్రంథాలయమున ఒక దళసరి పుస్తకము ప్రత్యేకముగా నుంచవలెను. అందు గ్రామములోని ప్రతి పుంత పేరు, అది ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో, ఎంత వెడల్పున్నదో. ప్రతి తూము, బోదె, మురుగుకోడు, పాత మర్రి, రావిచెట్టు, రేవు పేరు వ్రాసియుంచవలెను. లంక, పల్లము, మెరక, పాలెము అను ఊళ్ల పేర్లలోనే నేల స్వభావము దాగియున్నది. ముసలివారితో ఆ పేర్లు పోకమునుపే వ్రాసికొనుట అత్యవసరము. నింద మోపు వ్రాతలు అందు వలదు. కొలతయు, తేదీయు చాలును. ఎవరి పేరును వ్రాయని కొలత ఎవరికిని కోపము తెప్పింపక తన పని తాను చేయును.

పొరుగునుండి వచ్చు యాత్రికులకు చెప్పవలసిన మర్యాదలను ఒక పలకమీద వ్రాసి గట్టు మొగదల నిలుపవలెను. రేవులో స్నానము చేయువారి చిత్రములు తీయరాదు. ప్లాస్టికు సంచులు, సీసాలు కాలువలో వేయరాదు. ఆ నీరే దిగువ గ్రామముల చెరువులలోనికి త్రాగుటకు పోవును. తోటలోనికి అడిగి ప్రవేశింపవలెను. ఊరిలో ఏదియైన ఒకటి కొని వెళ్లవలెను. ఊరివారును తమవంతుగా అడిగినవానికి దారి చూపి, దాహమునకు నీరీయవలెను. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మ (1841–1909) వేళగాని వేళ వచ్చిన బాటసారికి కూడ అన్నము పెట్టిన సీమ యిది. గన్నవరము అక్విడక్టుకు ఆమె పేరు పెట్టిరి; ఆ గౌరవము నిలుపుట పేరుతో ముగియదు.

ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము తలుపులు సాయంత్రమగుసరికి తెరచుకొనుచున్నవి. ఆ వేళకు ముందుగా రెండు గంటలు గట్టున నడచి, కాళ్లు కడుగుకొని, లోనికి వచ్చి పుస్తకము తెరచు పాఠకునకు అందలి పల్లె తెలిసిన పల్లెగా కనబడును. రాబోవు మాఘమాసమున మొదటి నడకకు తేదీ నిర్ణయించి, గ్రంథాలయపు బల్లమీద వ్రాసి, పుంతల పుస్తకమున తొలిపుటను ఆ సాయంత్రమే ఆరంభింపవలెనని సభ్యులకు మనవి.

స్వస్తి.